గోడ మీది నోటీసు, అడిగే హక్కు: హిందూపురం, పెనుకొండ, ధర్మవరం కార్మికులకు ఆరోగ్య సమాచారం చేరిన చరిత్ర

కార్మిక సంక్షేమ చరిత్ర చదివేటప్పుడు మనం సాధారణంగా చట్టాల పేర్లు, అవి వచ్చిన సంవత్సరాలు గుర్తుపెట్టుకొని తృప్తిపడతాం. 1948లో ఫ్యాక్టరీల చట్టం, అదే సంవత్సరం కార్మిక రాజ్య బీమా చట్టం, 2020లో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్. పరీక్షకు ఇవి చాలు. కాని మీలో చాలామంది పగలు పనికి వెళ్లి రాత్రి పుస్తకం తెరిచేవారు. కాబట్టి మిమ్మల్ని వేరే ప్రశ్న అడుగుతున్నాను. మీరు పనిచేసే చోట మీ ఆరోగ్యానికి సంబంధించి మీకున్న సదుపాయాలేమిటి? వాటి సంగతి మీకు ఎవరు చెప్పారు? చెప్పినవారిని మీరు తిరిగి ఏమైనా అడగగలిగారా?

ఈ మూడో ప్రశ్నే ఈ పాఠానికి ముఖ్యం. సదుపాయం ఎంత మంచిదైనా, దాని గురించి చెప్పే మనిషిని కార్మికుడు భయం లేకుండా ప్రశ్నించగలిగినప్పుడే అది అతనికి నిజంగా చేరుతుందని నేను అనుకుంటున్నాను. ఈ మాటను మూడు ఊళ్ల ఆధారంతో పరిశీలిద్దాం. గుంతకల్లు నుంచి బెంగళూరు వెళ్లే రైలు మార్గంలో ధర్మవరం, పెనుకొండ, హిందూపురం వరుసగా వస్తాయి. 2022 ఏప్రిల్ వరకు మూడూ అనంతపురం జిల్లాలో ఉండేవి, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. ఒకచోట ఇంట్లోనే మగ్గం, ఒకచోట కొత్తగా వచ్చిన కార్ల ఫ్యాక్టరీ, ఒకచోట పారిశ్రామిక వాడలు, పట్టుగూళ్ల మార్కెట్టు. పని స్వభావం మారినప్పుడు సమాచారం చేరే దారి ఎలా మారుతుందో చూడడానికి ఇంతకంటే అనువైన ప్రాంతం దొరకడం కష్టం.

శాసనం, చాటింపు

పాలకులు పనివారికి ఒక మాట చేరవేయడం కొత్త విషయం కాదు. 1565 యుద్ధం తరువాత విజయనగర రాజులు పెనుకొండ నుంచి పాలించారు. విజయనగర కాలపు శాసనాల్లో మగ్గాల మీద పన్ను ప్రస్తావనలు, వృత్తి కులాలకిచ్చిన మినహాయింపులు కనిపిస్తాయి. అలాంటి మాటను రాతి మీద చెక్కించి గుడి దగ్గర నిలపడం అప్పటి పద్ధతి. చదవగలిగేవారు కొద్దిమందే. మిగిలిన ఊరికి తలారి వేసే చాటింపే దిక్కు. రాయి సాక్ష్యంగా నిలిచేది, మాట మాత్రం మనిషి నోటితోనే చేరేది. ఈ తేడాను గుర్తుంచుకోండి. ఆధునిక చట్టం చాలాకాలం మొదటి పని చేసి రెండోది కూడా చేశాననుకుంది.

మంచినీళ్ల బోర్డు

1948 ఫ్యాక్టరీల చట్టం 1949 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. అందులో నాకు ఇష్టమైన సెక్షన్ 18. ప్రతి ఫ్యాక్టరీలో తాగునీరు ఉండాలి. తాగునీరు ఉన్న చోట ఆ మాటను స్పష్టంగా, కార్మికుల్లో అధిక సంఖ్యాకులకు అర్థమయ్యే భాషలో రాయాలి. అది మరుగుదొడ్డికి గాని, కడుగుడు స్థలానికి గాని ఆరు మీటర్ల లోపల ఉండకూడదు. నీళ్లు పెట్టడంతో యజమాని పని పూర్తికాలేదు, అవి తాగే నీళ్లని చెప్పడం కూడా అతని బాధ్యతేనని చట్టం గుర్తించింది. చిన్న విషయంలా కనిపిస్తుంది గాని, సంక్షేమంలో సమాచారం కూడా భాగమేనన్న ఆలోచనకు మన చట్టాల్లో ఇది మంచి ఉదాహరణ.

సెక్షన్ 108 దీన్ని ఇంకా విస్తరించింది. చట్టం, నియమాల సారాంశాన్ని ఇంగ్లీషులోనూ, అధిక సంఖ్యాకుల భాషలోనూ ప్రధాన ద్వారం దగ్గర అందరికీ కనిపించేట్టు ప్రదర్శించాలి. ఆ నోటీసు శుభ్రంగా, చదవడానికి వీలుగా ఉండాలి. ఆరోగ్యం, భద్రత, సంక్షేమాలకు సంబంధించిన పోస్టర్లు పెట్టమని ఆదేశించే అధికారం చీఫ్ ఇన్‌స్పెక్టరుకు ఉండేది. 500 మంది, అంతకు మించి పనిచేసే చోట సంక్షేమాధికారిని నియమించాలని సెక్షన్ 49 చెప్పింది.

ఇక్కడ ఒక అంకె చూడండి. 1951 జనాభా లెక్కల ప్రకారం దేశంలో అక్షరాస్యత సుమారు 18 శాతం. స్త్రీలలో 9 శాతం లోపు. అంటే ఆ నోటీసు గోడ ఎక్కిన కాలంలో దేశం మొత్తం మీద ఐదుగురిలో ఒక్కరు కూడా దాన్ని చదవలేరు. చట్టం రాసినవారికి ఇది తెలియక కాదు. నోటీసు ఉందా లేదా అన్నది ఇన్‌స్పెక్టరు చూసి నమోదు చేయగలడు, అర్థమైందా లేదా అన్నది నమోదు చేయడం కష్టం. పరిపాలన తనకు లెక్కకందిన దాన్నే చూస్తుంది.

హిందూపురం దగ్గర మరో చిక్కు ఉంది. కర్ణాటక సరిహద్దు పక్కనే. ఊళ్లో తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ వినిపిస్తాయి. తూమకుంట, గొల్లాపురం పారిశ్రామిక వాడల్లోకి తరువాతి కాలంలో హిందీ, ఒడియా మాట్లాడే వలస కార్మికులు కూడా వచ్చారు. అధిక సంఖ్యాకుల భాష అంటే తెలుగు. మరి మిగిలినవారి సంగతి? చట్టం అక్షరాలా అమలైనా, కొలిమి దగ్గర నిలబడిన ఒడిశా కుర్రవాడికి ఆ తెలుగు నోటీసు వల్ల ప్రయోజనం లేదు. ప్రమాదం మాత్రం అందరికీ సమానమే.

పట్టుగూళ్ల మార్కెట్టు చుట్టూ నడిచే దారం తీత పని ఇంకో రకం. ఉడుకునీళ్లలోని గూళ్ల నుంచి పోగు అందుకోవడానికి వేళ్లు గంటల తరబడి తడిలో ఉంటాయి, చర్మం దెబ్బతింటుంది. పాత చట్టం ప్రకారం ఫ్యాక్టరీ అనిపించుకోవాలంటే విద్యుత్తు వాడే చోట 10 మంది, వాడని చోట 20 మంది ఉండాలి. నలుగురైదుగురితో నడిచే చిన్న యూనిట్‌కు నోటీసు బోర్డు నియమమే వర్తించదు. 2020 కోడ్ ఫ్యాక్టరీ నిర్వచనంలో ఈ సంఖ్యలను 20కి, 40కి పెంచింది. పదిమంది పనిచేసే ఇతర సంస్థలను కూడా తన పరిధిలోకి తెచ్చింది గాని, అంతకంటే చిన్నవి ఎక్కువగా బయటే ఉన్నాయి.

కోత కనిపిస్తుంది, హక్కు కనిపించదు

కార్మిక రాజ్య బీమా పథకాన్ని, మనం ఇ.ఎస్.ఐ. అని పిలిచే దాన్ని, 1952 ఫిబ్రవరి 24న కాన్పూరులో నెహ్రూ ప్రారంభించారు. ఢిల్లీలోనూ అదే రోజు మొదలైంది. దాని వెనుక 1944లో బి.పి. అదార్కర్ ఇచ్చిన నివేదిక ఉంది. ప్రారంభ సభలో నెహ్రూ హిందీలో మాట్లాడారు. ఆయన్నే మొదటి గౌరవ బీమాదారుగా నమోదు చేశారు. జీతంలోంచి కొంత పట్టుకొంటామంటే కార్మికుడికి సహజంగానే అనుమానం వస్తుంది. ఆ అనుమానానికి జవాబుగా ప్రధానమంత్రే తన పేరు నమోదు చేయించుకున్నారు. వెయ్యి కరపత్రాల కంటే ఇది బాగా పనిచేసి ఉంటుందని నా ఊహ.

తరువాతి దశాబ్దాల్లో ఈ పథకం మామూలైపోయింది. 2019 జూలై నుంచి యజమాని వాటా వేతనంలో 3.25 శాతం, కార్మికుడి వాటా 0.75 శాతం. జీతం చీటీలో ఆ కోత ప్రతినెలా కనిపిస్తుంది. అయితే అనారోగ్యంతో పనికి రాలేనప్పుడు ఏడాదిలో 91 రోజుల దాకా వేతనంలో 70 శాతం నగదుగా వస్తుందన్న మాట జీతం చీటీలో ఉండదు. అలా సెలవులో ఉన్న కార్మికుణ్ణి ఆ కాలంలో యజమాని తొలగించడానికి గాని, శిక్షించడానికి గాని వీల్లేదని అదే చట్టంలోని సెక్షన్ 73 చెప్పింది. నన్నడిగితే, కంపెనీలో ఆరోగ్య పరీక్షల క్యాంపు పెట్టేవారు అన్నిటికంటే ముందు ఈ సెక్షన్ చదివి వినిపించాలి. బి.పి. ఎక్కువ ఉందని తేలితే పని పోతుందేమోనన్న భయం ఉన్నవాడు క్యాంపుకు రాడు. వచ్చినా నిజం చెప్పడు.

భోపాల్ తరువాత

1984 డిసెంబరు 2, 3 తేదీల మధ్య రాత్రి భోపాల్‌లో యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీ నుంచి మిథైల్ ఐసోసయనేట్ లీకై వేలమంది చనిపోయారు. గాలిలో కలిసినది ఏమిటో, దానికి విరుగుడు ఏమిటో చుట్టుపక్కల ప్రజలకు తెలియదు. ఈ దుర్ఘటన తరువాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించారు. మన విషయానికి సంబంధించి ఇది పెద్ద మలుపు.

ప్రమాదకర ప్రక్రియలు జరిగే ఫ్యాక్టరీలో అపాయాల వివరాలను కార్మికులకు, చుట్టుపక్కల ప్రజలకు యజమాని వెల్లడించాలని సెక్షన్ 41బి చెప్పింది. కార్మికుల ఆరోగ్య రికార్డులు కార్మికులకు అందుబాటులో ఉండాలంది 41సి. కార్మికులు, యాజమాన్యం సమాన సంఖ్యలో ఉండే భద్రతా కమిటీని 41జి ఏర్పరచింది. వీటన్నిటికంటే ముఖ్యం సెక్షన్ 111ఎ. తన ఆరోగ్యానికి, భద్రతకు సంబంధించిన సమాచారం అడిగి తీసుకొనే హక్కు, సరైన సదుపాయం లేదని ఇన్‌స్పెక్టరుకు నేరుగా చెప్పుకొనే హక్కు కార్మికుడికి వచ్చాయి.

1948లో యజమాని చెబుతాడు, కార్మికుడు చదువుతాడు. 1987లో కార్మికుడు అడుగుతాడు, యజమాని చెప్పాలి. మధ్యలో 39 ఏళ్లు గడిచాయి, ఒక నగరం బలైంది. పరీక్షలో సాధారణంగా 1987 సవరణను భద్రతా కమిటీల కోసం గుర్తుపెట్టుకోమంటారు. నేను 111ఎ కోసం గుర్తుపెట్టుకోమంటాను.

పెనుకొండలో కొత్త ఫ్యాక్టరీ, కొత్త మాట

2017 ఏప్రిల్‌లో కియా మోటార్స్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర 536 ఎకరాల్లో ఏడాదికి 3 లక్షల కార్లు తయారుచేయగల ఫ్యాక్టరీ వచ్చింది. 2019 ఆగస్టులో సెల్టోస్ కారు ఉత్పత్తి మొదలైంది. చుట్టూ అనుబంధ పరిశ్రమలు వచ్చాయి. వేరుశనగ చేలలో పెరిగిన పిల్లలు యూనిఫాం వేసుకొని షిఫ్టు బస్సు ఎక్కారు.

ఇలాంటి పెద్ద పరిశ్రమల లోకంలో ‘వెల్‌నెస్ ప్రోగ్రాం’ అనే మాట ఈనాడు బాగా వినిపిస్తోంది. ఏడాదికోసారి పరీక్షలు, యోగా, బరువు తగ్గే పోటీలు, మానసిక ఒత్తిడి మీద ప్రసంగాలు. 1948 చట్టంలోని సంక్షేమం పని స్థలాన్ని బాగుచేయమంటుంది. వెల్‌నెస్ మాత్రం కార్మికుణ్ణి తన అలవాట్లు బాగుచేసుకోమంటుంది. రెండూ అవసరమే గాని, రెండోది వచ్చి మొదటిదాన్ని పక్కకు నెట్టకూడదు. రాత్రి షిఫ్టులో నిద్ర చెడినవాడికి నిద్ర ప్రాముఖ్యం గురించి ప్రసంగం వినిపిస్తే అతనికి నవ్వే వస్తుంది.

ఈ కార్యక్రమాల మీద అమెరికాలో జరిగిన రెండు పెద్ద అధ్యయనాలు 2019లో వెలువడ్డాయి. ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో దాదాపు 5 వేలమంది ఉద్యోగులను లాటరీ పద్ధతిలో విభజించి చూశారు. స్వచ్ఛందంగా చేరినవారు చాలావరకు అప్పటికే ఆరోగ్యంగా ఉన్నవారని తేలింది. బి.జె.స్ అనే దుకాణాల సంస్థలో సుమారు 33 వేలమంది ఉద్యోగులున్న శాఖల మీద జరిగిన అధ్యయనంలో, 18 నెలల తరువాత వ్యాయామం చేస్తున్నామని చెప్పినవారు పెరిగారు గాని, రక్తపోటు వంటి కొలతల్లో, వైద్య ఖర్చులో, పనికి గైర్హాజరులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అవసరం లేనివారు ముందు వస్తారు, అవసరమైనవారు రారు. పిలిచిన తీరును పరీక్షించకుండా రానివారిని తప్పుబట్టడం వల్ల ఉపయోగం లేదు.

మన దగ్గర రానివారిలో ముందుండేది కాంట్రాక్టు కార్మికుడు. కంపెనీ పంపే ఈమెయిలు అతనికి రాదు. 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టం ప్రకారం మంచినీళ్లు, ప్రథమ చికిత్స, విశ్రాంతి గది వంటివి కాంట్రాక్టరు ఇవ్వవలసి ఉండేది, అతను ఇవ్వకపోతే ప్రధాన యజమాని ఇవ్వవలసి ఉండేది. ఈ సంగతి అతనికి చెప్పవలసినవాడు కాంట్రాక్టరే! చెప్పకపోతే లాభపడేదీ కాంట్రాక్టరే. ఈ చిక్కు ఇంకా విడలేదు. 2020 కోడ్ ప్రతి ఉద్యోగికి నియామక పత్రం ఇవ్వాలని, నిర్ణయించిన వయసువారికి ఏటా ఉచిత ఆరోగ్య పరీక్ష జరపాలని చెప్పింది. కేంద్రం దాన్ని 2025 నవంబరు 21 నుంచి అమలులోకి తెచ్చింది. కనీసం చేతిలో ఒక కాగితం ఉంటే అడగడానికి ఆధారం ఉంటుంది.

గోడ లేని పని స్థలం: ధర్మవరం

ఇంతవరకు చెప్పినదంతా గేటు, గోడ, మేనేజరు ఉన్న చోట్ల సంగతి. ధర్మవరంలో పని స్థలం ఇల్లే. ముందు గదిలో గుంట మగ్గం. నేత పనివాడు గుంటలో కాళ్లు పెట్టి, తొక్కుడు పలకలు తొక్కుతూ రోజంతా కూర్చుంటాడు. నడుము, మోకాళ్లు పట్టేస్తాయి. సన్నటి పట్టు పోగులు, జరీ చూసి చూసి కళ్లు అలసిపోతాయి. ఇంటి ఆడవాళ్లు, పెద్దవాళ్లు ఆసు పోస్తారు, కండెలు చుడతారు. లెక్కల్లో నేతగాడు ఒక్కడే, పని మాత్రం ఇంటిల్లిపాదిదీ.

చాలామంది మాస్టర్ వీవర్ దగ్గర పట్టు, జరీ తెచ్చుకొని, చీర నేసి అప్పగించి కూలి తీసుకొంటారు. అడ్వాన్సు బాకీ కూడా అతని దగ్గరే ఉంటుంది. చట్టం దృష్టిలో అతను యజమానీ కాదు, ఇతను ఉద్యోగీ కాదు. కాబట్టి ఫ్యాక్టరీల చట్టం లేదు, ఇ.ఎస్.ఐ. లేదు, నోటీసు బోర్డు లేదు.

ఈ లోటు పూడ్చడానికి కేంద్ర జౌళి శాఖ 2005లో చేనేత కార్మికుల ఆరోగ్య బీమా పథకం తెచ్చింది. ఐ.సి.ఐ.సి.ఐ. లాంబార్డ్ బీమా సంస్థ ద్వారా నేత కార్మికుడు, భార్య లేదా భర్త, ఇద్దరు పిల్లలకు ఏడాదికి రూ.15,000 వరకు వైద్యం. అందులో రూ.7,500 ఆసుపత్రిలో చేరకుండా చేయించుకొనే వైద్యానికి. ఈ రెండో భాగమే నాకు గొప్పగా తోస్తుంది. నేత పనివాడి జబ్బులు ఆసుపత్రిలో చేరవలసినవి కావు, నెలనెలా మందు కావలసినవి. ప్రీమియంలో ఎక్కువ భాగం కేంద్రమే భరించింది. ఆదాయంలో కనీసం సగం చేనేత నుంచి వచ్చేవారు అర్హులు. సహకార సంఘంలో లేనివారు కూడా అర్హులే, అయితే ప్రభుత్వ శాఖ ధ్రువీకరించాలి.

ఆ చివరి వాక్యంలో ఎంత కథ ఉందో ఆలోచించండి. సంఘ సభ్యుడికి సంఘం కార్యదర్శి చెబుతాడు, ఫారం నింపుతాడు. మాస్టర్ వీవర్ కింద నేసేవాడికి ఆ మాట చెప్పే బాధ్యత ఎవరిది? వారానికోసారి అతను కలిసే మనిషి మాస్టర్ వీవరే. బాకీ ఉన్న మనిషిని ఎవరైనా ఎన్ని ప్రశ్నలు అడగగలరు?

ఆరోగ్యశ్రీ ఈ చిక్కును వేరే దారిలో ఎదుర్కొంది. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాలతో పాటు మొదటి విడతలోనే అనంతపురం జిల్లాలో ఆ పథకం మొదలైంది. అర్హతకు వృత్తి ధ్రువీకరణ అక్కరలేదు, తెల్ల రేషన్ కార్డు చాలు. ఊళ్లలో వైద్య శిబిరాలు పెట్టారు. ఆసుపత్రుల్లో ‘ఆరోగ్యమిత్ర’ అనే ఉద్యోగిని కూర్చోబెట్టారు. రోగి తరఫు మనిషి అతని బల్ల దగ్గరకు వెళ్లి, ఏ జబ్బుకు వస్తుంది, ఏ కాగితం కావాలి, ఎటు వెళ్లాలి అని తెలుగులో అడగవచ్చు. ఆ పథకం ఖర్చు గురించి, కార్పొరేట్ ఆసుపత్రులకు మేలు చేసిందన్న విమర్శ గురించి మీరు వేరే చోట్ల చదివి ఉంటారు. ఆ చర్చను ఇక్కడికి తేవడం లేదు. చేరవేసే పద్ధతి దృష్ట్యా మాత్రం ఆరోగ్యమిత్ర బల్ల కొత్త అడుగు. అతను షావుకారు కాదు, మేనేజరూ కాదు. అడిగితే పోయేదేమీ లేదు. అయితే మోకాళ్ల నొప్పికి, కళ్ల అలసటకు ఆ బల్ల దగ్గర పెద్దగా జవాబు లేదు. శస్త్రచికిత్సల పథకానికి అది పరిమితి.

2019 డిసెంబరు 21న వై.ఎస్.ఆర్. నేతన్న నేస్తం పథకాన్ని ధర్మవరంలోనే ప్రారంభించారు. సొంత మగ్గం ఉన్న కుటుంబానికి ఏడాదికి రూ.24,000. ఇది ఆరోగ్య పథకం కాదు గాని, ఇక్కడ ఒక కారణంతో ప్రస్తావిస్తున్నాను. లబ్ధిదారుల జాబితాను సచివాలయాల దగ్గర గోడకు అంటించారు. పేరు లేనివారు అడగవచ్చన్నారు. ధర్మవరం నేతగాడికి ఆ విధంగా ఒక నోటీసు గోడ దొరికింది. ఇతరుల మగ్గం మీద కూలికి నేసేవారికి మాత్రం ఆ జాబితాలో చోటు లేదు.

ఇంకొక సంగతి చెప్పక తప్పదు. అప్పుల వల్ల ధర్మవరం నేత కార్మికులు ఆత్మహత్యలు చేసుకొన్న వార్తలు గత రెండు దశాబ్దాల్లో మీరు చదివే ఉంటారు. మానసిక ఆరోగ్యం అనే మాటను మనం ఆఫీసు ఉద్యోగులకే పరిమితం చేసి మాట్లాడుతున్నాం. 2022 అక్టోబరులో కేంద్రం ప్రారంభించిన టెలి మానస్ ఫోన్ నంబరు 14416. ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. అప్పు తీర్చే శక్తి ఆ ఫోనుకు లేదు. రాత్రిపూట ఒక మనిషి గొంతు వినిపించగలదు. ఈ నంబరు మీ ఇంటి గోడ మీదో, మగ్గం పక్కనో రాసిపెట్టండి, ఇరుగుపొరుగుకు నోటితో కూడా చెప్పండి.

మీరు చేయవలసిన పని

ఈ పాఠానికి సంబంధించిన అసైన్‌మెంటుకు గ్రంథాలయం అవసరం లేదు. మీరు పనిచేసే చోటికో, మీకు తెలిసిన మిల్లుకో, గార్మెంట్ యూనిట్‌కో అనుమతి తీసుకొని వెళ్లండి. తాగునీటి దగ్గర బోర్డు ఉందో లేదో, ఏ భాషలో ఉందో చూడండి. నీళ్లు తాగుతున్న వారిలో ముగ్గురిని, వీలైతే వారిలో ఒకరు వేరే భాష మాట్లాడేవారిని, రెండు ప్రశ్నలు అడగండి: జబ్బు చేస్తే మీకేం వస్తుంది? ఆ మాట మీకు ఎవరు చెప్పారు? ధర్మవరం వంటి ఊళ్లో ఉంటే ఒక మగ్గం ఇంటికి వెళ్లి ఇవే ప్రశ్నలు అడగండి, నేసేవారితో పాటు కండెలు చుట్టేవారిని కూడా. జవాబులను వారు చెప్పిన మాటల్లోనే రాయండి, దిద్దకండి. ఎవరి పేర్లూ రాయనక్కరలేదు.